ఆప్తుడెవరు? జిల్లా పేజీలోని రాజకీయ వార్త – శబ్దప్రామాణ్య విచారం

మదనపల్లె మార్కెట్ యార్డులో పలికిన టమోటా ధర మరునాడు దినపత్రిక జిల్లా పేజీలో అచ్చవుతుంది. అదే పేజీలో ముందురోజు జరిగిన రాజకీయ సభకు ఎందరు వచ్చారో, ఎందుకు వచ్చారో కూడా అచ్చవుతుంది. పాఠకుడు ధరను నమ్ముతాడు. సభ గురించిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి ‘ఇది ఎవరి పేపరు?’ అని అడిగి, తగినంత తరుగు తీసి చదువుతాడు. మండీలో సరుకుకు తరుగు తీసినంత సహజంగా ఈ పని జరిగిపోతుంది. పత్రికల విశ్వసనీయత పడిపోయిందని సాధారణంగా వినవచ్చే ఫిర్యాదు ఈ తేడాను లెక్కలోకి తీసుకోదు. దర్శనానికి పట్టే సమయం, కరెంటు కోత వేళలు, మరణవార్త, పరీక్షా ఫలితాలు మొదలైనవాటిని పత్రికలో చదివి అనుమానించేవారు అరుదు. అనుమానం రాజకీయ వార్త దగ్గరే మొదలవుతున్నది. నమ్మదగిన మాటకు ఉండవలసిన లక్షణాల్లో ఏది అక్కడ లోపించిందన్నది ఈ వ్యాసం వేసుకొనే ప్రశ్న. ఉదాహరణలు పూర్వపు చిత్తూరు జిల్లావి.

ధర విషయంలో పత్రిక ఎక్కువ నిజాయితీగా, సభ విషయంలో తక్కువ నిజాయితీగా ఉంటుందని చెప్పుకుంటే సమాధానం సులువే గాని, అది చాలదు. తప్పు ధర వేస్తే రైతుకు తెల్లవారేసరికి తెలిసిపోతుంది. సరుకు వేసుకొని యార్డుకు వెళ్లినవాడు వేలంలో పలికిన ధరను పత్రికలోని అంకెతో పోల్చుకుంటాడు. కిలో వంద రూపాయలు దాటిన 2023 జూలైలోనైనా, కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లోనైనా ఈ పోలిక తప్పదు. ఒక జ్ఞానం సరైనదో కాదో దానిని అనుసరించి చేసిన పని ఫలించడంవల్ల తేలుతుందని నైయాయికులు అంటారు. దానికి వారు పెట్టిన పేరు ప్రవృత్తిసామర్థ్యం. నీళ్లనుకొని ఎండమావి వైపు నడిచినవాడికి దాహం తీరదు, తన జ్ఞానం భ్రమ అని అప్పుడు తెలుస్తుంది. రాజకీయ వార్తను ఇలా పరీక్షించే అవకాశం పాఠకుడికి దాదాపు లేదు. ఐదేళ్లకొకసారి వేసే ఓటు తప్ప ఆ వార్తను అనుసరించి అతడు చేసే పని లేదు. ఆ ఓటు ఫలించిందో లేదో చెప్పవలసింది కూడా మళ్లీ ఆ పత్రికే.

కాబట్టి రాజకీయ వార్త పూర్తిగా శబ్దప్రమాణం మీద ఆధారపడింది. అక్కడ పాఠకుడు ప్రత్యక్షానికీ అనుమానానికీ దూరంగా, మరొకరి మాట మీద నిలబడి ఉంటాడు. ఆ మరొకరు ఎవరన్నదే అసలు విషయం.

ఆప్తలక్షణం

గౌతముని న్యాయసూత్రాలు ఆప్తుని ఉపదేశాన్ని శబ్దప్రమాణంగా గ్రహించాయి. తెలుగువాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో, ఆప్తుడంటే యథార్థం పలికేవాడని క్లుప్తంగా తేల్చాడు. విద్యార్థులకు కంఠస్థం చేయడానికి అది అనువుగా ఉంటుంది. వార్తల విషయంలో మాత్రం పెద్దగా ఉపకరించదు. యథార్థం ఏదో ముందే తెలిసినవాడికి ఆప్తునితో పనిలేదు. వాత్స్యాయన భాష్యం ఇక్కడ మరింత సాయపడుతుంది. ఆప్తుడు విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్లే ఇతరులకు తెలియజేయాలన్న కోరిక అతనికి ఉండాలి. అతనిచేత మాట్లాడించేది ఆ కోరికే అయి ఉండాలి. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమని కూడా భాష్యకారుడు స్పష్టం చేశాడు. జన్మ, పాండిత్యం, పదవి ఈ నిర్వచనంలో ఎక్కడా లేవు. తటస్థత కూడా లేదు.

ఈ చివరి సంగతిని కొంచెం నొక్కి చెప్పవలసి ఉంది. పత్రికల గురించి మన చర్చలన్నీ నిష్పాక్షికత చుట్టూ తిరుగుతాయి. పక్షం లేని పత్రిక తెలుగులో ఎప్పుడుంది? 1902లో మొదలైన కృష్ణాపత్రికా, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో స్థాపించి 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రికా జాతీయోద్యమ పక్షం వహించినవే. విశాలాంధ్ర, ప్రజాశక్తి తమ పార్టీని దాచుకోలేదు. కమ్యూనిస్టు కానివారు కూడా విశాలాంధ్రలో వచ్చిన కూలి రేట్ల వార్తను నమ్మగలిగారంటే, పక్షం ఉండటానికీ ఆప్తత్వానికీ సహజ వైరం లేదన్నమాట. తల్లి బిడ్డ పక్షం వహిస్తుంది. బిడ్డకు జ్వరం ఎంత ఉందో వైద్యుడితో చెప్పేటప్పుడు ఆమె మాటే ప్రమాణం. ఆమె చూసింది, చూసినట్లు చెప్పాలనుకుంటున్నది.

ముగ్గురైన ఆప్తుడు

వాత్స్యాయనుని నిర్వచనంలో ఎరిగినవాడు, కోరినవాడు, పలికినవాడు ఒక్కరే. ఆధునిక దినపత్రికలో ఈ ముగ్గురూ వేరైపోయారు. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవడానికి తిరుపతి మంచి చోటు.

ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మద్రాసులో అచ్చయ్యే కాలంలో చిత్తూరు జిల్లా పాఠకుడికి తన ఊరి వార్త పత్రికలో చదివే అవకాశం తక్కువ. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ ఏర్పడింది. అదే సంవత్సరం ఈనాడు తిరుపతి నుంచి కూడా వెలువడటం మొదలైంది. 1983 జనవరి ఎన్నికల్లో ఎన్.టి. రామారావు పోటీ చేసి గెలిచిన రెండు స్థానాల్లో తిరుపతి ఒకటి. 1989లో ఆ పత్రిక జిల్లా అనుబంధాలు తెచ్చింది, తక్కిన పత్రికలు ఆ దారినే నడిచాయి. 2008 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కుమారుడు వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి స్థాపించిన సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. భారతీయ భాషా పత్రికలను అధ్యయనం చేసిన రాబిన్ జెఫ్రీ ఈ స్థానికీకరణను ప్రజాస్వామ్య విస్తరణగా చూశాడు. ఆయన చూపు తప్పు కాదు. బంగారుపాళెంలోనో తొట్టంబేడులోనో బోరు చెడిపోయిన సంగతి అచ్చులోకి ఎక్కడం చిన్న మార్పు కాదు. కాని దాని వెనుక ఒక కొత్త మనిషి కూడా పుట్టాడు. అతడే మండల విలేకరి.

అతడు చూసినవాడు. సంఘటన స్థలానికి వెళ్లేదీ, బాధితుడితో మాట్లాడేదీ, సర్పంచి ముఖం చూసేదీ అతడే. ఎక్కువ సందర్భాల్లో అతడు సంస్థ ఉద్యోగి కాడు. అచ్చయిన మేరకు లెక్కగట్టి ఇచ్చే లైన్ అకౌంటు పెట్రోలుకు కూడా చాలదు. పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెచ్చే బాధ్యత అదనం. ఏ నాయకుడి గురించి రాయాలో ఆ నాయకుడి దగ్గరే ప్రకటన అడగాలి. ‘వార్త’ అన్న మాటకు పూర్వార్థం ఇక్కడ గుర్తుకు వస్తుంది. కౌటిల్యుడు చెప్పిన నాలుగు విద్యల్లో వార్త అంటే సేద్యం, పశుపాలన, వర్తకం, అంటే జీవిక. జీవిక లేని వార్తను మోసేవాడు మన మండల విలేకరి.

రాసేవాడు మరొకడు. అతడు జిల్లా కేంద్రంలో డెస్కు దగ్గర కూర్చున్న ఉపసంపాదకుడు. అతడికి భాష వచ్చు, శీర్షిక పెట్టడం వచ్చు, పేజీలో జాగా ఎంతో తెలుసు, సంఘటన తెలియదు. ఇక కోరేవాడు ఈ ఇద్దరికీ కనబడడు. ఏ వార్త ఏ పరిమాణంలో, ఏ వాలుతో రావాలో నిర్ణయించే కోరిక యాజమాన్యానిది. యాజమాన్యం ప్రతిరోజూ ఫోన్ చేసి చెప్పనవసరం లేదు. ఏది మొదటి పేజీకి వెళుతుందో, ఏది చెత్తబుట్టకు వెళుతుందో రెండు నెలలు చూస్తే విలేకరికి అర్థమవుతుంది. ఆ తర్వాత అతని కంటికే కొన్ని విషయాలు కనిపించడం మానేస్తాయి. అబద్ధం రాయడంకంటె ఇది లోతైన మార్పు. ఇక్కడ చెడినది మాట కాదు, ప్రత్యక్షమే.

మన పత్రికల పేర్లను ఒకసారి తలచుకుంటే వింతగా ఉంటుంది. ఒకటి కాలం పేరు పెట్టుకుంది, ఒకటి వెలుగు పేరు, ఒకటి చూసినవాడి పేరు. పానుగంటి లక్ష్మీనరసింహారావు తన వ్యాసాలకు ‘సాక్షి’ అని పేరు పెట్టినప్పుడు అది కల్పితమైన ఒక వ్యక్తి పేరు. అతడు ఎవరో, ఎటువంటివాడో పాఠకుడికి తెలుసు. సంస్థలు ఆ పేర్లు పెట్టుకున్నప్పుడు చూసిందెవరని అడగడానికి మనిషి దొరకడు.

బస్సులో ఎవరున్నారు?

తిరుపతి లోక్‌సభ స్థానానికి 2021 ఏప్రిల్ 17న ఉపఎన్నిక జరిగింది. సిట్టింగ్ సభ్యుడు బల్లి దుర్గాప్రసాదరావు మరణం అందుకు కారణం. ఆనాడు పట్టణంలోకి వచ్చిన బస్సుల మీద పెద్ద వివాదం చెలరేగింది. బయటి ప్రాంతాల నుంచి దొంగ ఓటర్లను తరలించారని ప్రతిపక్షాలు ఆరోపించాయి. వచ్చినవారు కొండకు వెళ్లే యాత్రికులని పాలకపక్షం బదులిచ్చింది. మరునాటి పత్రికల్లో రెండు తిరుపతులు కనిపించాయి. ఒకదానిలో ప్రజాస్వామ్యం దోపిడీకి గురైంది, రెండోదానిలో భక్తులు అవమానానికి గురయ్యారు. మే 2న ఫలితం వచ్చింది. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ అభ్యర్థి మద్దిల గురుమూర్తి 2.71 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. వివాదం తేలకుండానే పాతబడింది.

ఈ సందర్భం తాత్త్వికంగా ఎందుకు విలువైనదంటే, బస్సును అందరూ చూశారు. ఫోటో నిజమైనదే. ఏ ఊరిలోనైనా పోలింగు రోజున వందలమంది అపరిచితులు దిగితే అది తనంతట తానే ఒక సంకేతం అవుతుంది. తిరుపతిలో కాదు. రోజూ వేలాదిమంది అపరిచితులు దిగే ఊరు ఇది. ఇక్కడ అపరిచితుడు ఉండటం వ్యాప్తిజ్ఞానానికి పనికిరాదు. పొగను చూసి నిప్పును ఊహించవచ్చు గాని, నిత్యం పొగమంచు కమ్మే చోట ఆ ఊహ నిలవదు. ఆనాడు తెలియవలసింది ఆ బస్సు అలిపిరికి వెళ్లిందా, పోలింగు కేంద్రానికి వెళ్లిందా అన్నదే. దాని వెనుక ఒక విలేకరి ద్విచక్ర వాహనం మీద గంటసేపు వెళితే తెలిసే విషయం. క్యూలో నిలబడినవారిని పేరూ చిరునామా అడిగిన దృశ్యాలు కొన్ని టీవీల్లో వచ్చాయి. అవి ఆ కొద్దిమంది గురించి మాట్లాడగలవు, బస్సులన్నిటి గురించీ మాట్లాడలేవు. ఫోటో కింద రాసిన వాక్యం మాత్రం అన్ని బస్సుల గురించీ మాట్లాడింది, రెండు పక్షాలలోనూ. చూసినవాడు చూసింది బస్సును. రాసినవాడు రాసింది బస్సులోని మనుషుల ఉద్దేశాన్ని.

రెండు పత్రికలూ కొని చదివితే సత్యం మధ్యలో దొరుకుతుందని చాలామంది విద్యావంతులు అంటారు. ఈ సలహా తరుగు తీసే అలవాటుకే మర్యాదైన రూపం. బస్సు విషయంలో మధ్య అంటే ఏమిటి? సగం యాత్రికులు, సగం దొంగ ఓటర్లా? ఇద్దరూ వెళ్లి చూడనప్పుడు ఇద్దరి మాటలూ కలిపినా చూసినట్లు కాదు.

తగ్గించిన స్వరం

తరుగు తీయడానికి లొంగని మరొక దోషం ఉంది. తిక్కన ద్రోణపర్వంలో ద్రోణుడు కొడుకు మరణవార్తను భీముడు చెబితే నమ్మడు, ధర్మరాజును అడుగుతాడు. భీముడి మాటకు ఎంత తరుగు తీయాలో ఆయనకు తెలుసు. ధర్మరాజు మాటకు తరుగు లేదు, అందుకే అది చంపింది. అక్కడ పలికిన మాటల్లో అబద్ధం లేదు; చచ్చింది ఏనుగన్న ఒక్క మాట స్వరం తగ్గింది, అంతే.

2024 సెప్టెంబర్ 18న ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు, గత ప్రభుత్వ కాలంలో తిరుమల లడ్డూకు వాడిన నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ప్రకటించారు. ఆధారంగా వెలుగులోకి వచ్చినది గుజరాత్‌లోని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి ప్రయోగశాల నివేదిక. ఆ నివేదిక నెయ్యి నమూనా గురించి మాట్లాడింది, కొన్ని పరిస్థితుల్లో పరీక్ష తప్పుడు సంకేతం ఇవ్వవచ్చని కూడా పేర్కొంది. ఆ నమూనా తాలూకు నెయ్యి ప్రసాదంలోకి వెళ్లిందా లేదా అన్నది నమూనా చెప్పగల విషయం కాదు. శీర్షికలకు వచ్చేసరికి నమూనా లడ్డూ అయింది. షరతు ఏనుగులా స్వరం తగ్గింది. వ్యతిరేక పక్షం శీర్షికల్లో ఆ షరతు ఒక్కటే మిగిలి, నమూనా మాయమైంది. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు, దర్యాప్తు తేలకముందే పత్రికలకు ఎక్కవలసిన అవసరమేమిటని ప్రశ్నించింది. అక్టోబర్ 4న ఐదుగురు సభ్యులతో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేసింది. న్యాయస్థానం ప్రశ్న పదవిలో ఉన్నవారికి వేసినది. పత్రికలకు వేయవలసిన ప్రశ్న వేరు: లడ్డూ నోట్లో పెట్టుకొని తేల్చుకోలేని విషయంలో, కోట్లమందికి తమ మాట తప్ప మరో ప్రమాణం లేదని తెలిసి, నివేదికలోని షరతును శీర్షిక పక్కన ఉంచడానికి జాగా ఎందుకు దొరకలేదు?

ఈ స్వరం తగ్గింపు పత్రికలకే పరిమితం కాదు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకొని వార్తలుగా అచ్చు వేసిన ప్రచారం మీద భారత పత్రికా మండలి ఉపసంఘాన్ని నియమించింది. అందులోని ఇద్దరు సభ్యుల్లో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి, మరొకరు పరంజయ్ గుహ ఠాకుర్తా. వారి సుదీర్ఘ నివేదిక పత్రికల పేర్లు చెప్పింది. 2010 జూలై 30న మండలి ఆమోదించిన సంక్షిప్త నివేదికలో ఆ పేర్లు లేవు. పూర్తి పాఠం సమాచార హక్కు ద్వారా తర్వాత బయటికి వచ్చింది. ఇక ప్రభుత్వాలు ఈ రోగానికి చేసిన చికిత్స గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2007లో 938, 2019లో 2430 నంబరు ఉత్తర్వులు వార్తల మీద వ్యాజ్యం వేసే అధికారాన్ని అధికారులకు ఇచ్చాయి. ఎవరిని గురించి రాయాలో వారే ఆప్తుడెవరో నిర్ణయించే ఏర్పాటు అది.

శేషాచలం, 2015

పార్టీలు తగవులాడుకునే చోట పాఠకుడికి కనీసం అనుమానించే ఆధారం ఉంటుంది. రెండు పార్టీలకూ ఓటుతో సంబంధం లేని మనుషుల సంగతి వేరు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం అక్రమ రవాణా నిరోధక దళం కాల్పుల్లో 20 మంది మరణించారు. అందరూ తమిళనాడువారు. రాళ్లతో, గొడ్డళ్లతో దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. సరిహద్దుకు అవతల తమిళ వార్తల్లో వారు కూలీలు. ఇవతల మన జిల్లా పేజీల్లో అంతకుముందే స్థిరపడిపోయిన మాటలు ఎర్రదొంగలు, స్మగ్లర్లు. ఆ మాటలు ఆరోజు పుట్టలేదు. ఏళ్లతరబడి రోజూ రెండు మూడు పేరాల పట్టివేత వార్తల్లో, పోలీసు ప్రకటనను యథాతథంగా తీసుకొని రాసినవాటిలో అవి అరిగి నునుపైనాయి. పౌరహక్కుల సంఘాలు ప్రశ్నించలేదని కాదు, ఆ ప్రశ్నలు అచ్చు కాలేదని కాదు. అచ్చయిన ప్రశ్న పక్కన కూడా చనిపోయినవారి పేరు స్మగ్లర్లే. మాట ముందే తీర్పు చెప్పినప్పుడు వార్త చేయవలసిన పని మిగలదు.

మన జిల్లా వార్తల తలకట్టులో ఊరి పేరు ఉంటుంది. దాని పక్కన సంస్థ పేరో, ‘న్యూస్‌టుడే’ వంటి సామాన్య నామమో ఉంటుంది. మనిషి పేరు అరుదు. చంద్రగిరి చెప్పింది, భాకరాపేట చెప్పింది. చూసినవాడు ఎవరో తెలియదు. దీనిని కేవలం యాజమాన్యాల పిసినారితనంగా చూడటం న్యాయం కాదు. ఎర్రచందనం, ఇసుక, గ్రానైట్ గురించి రాసే మండల విలేకరి అదే మండలంలో కాపురం ఉంటాడు. అతని పిల్లలు అక్కడే బడికి వెళతారు. పేరు లేకపోవడం అతనికి కొంత రక్ష. ఆప్తునికి పేరుండాలని మనం అడిగితే, ఆ పేరుకు కలిగే ఆపదను ఎవరు పంచుకుంటారో కూడా చెప్పవలసి ఉంటుంది. పూర్తి జీతం, న్యాయస్థానంలో అండ, తాను పంపిన ప్రతిలో ఏది మార్చారో తెలుసుకునే హక్కు లేకుండా పేరు మాత్రమే వేయడం చూసినవాడిని ఒంటరిగా నిలబెట్టడమే అవుతుంది.

శేషాచలం ఘటన జరిగిన వారం లోపలే ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకు ఇద్దరు కూలీలు వచ్చారు. తమతో బయలుదేరినవారిని పోలీసులు బస్సులో నుంచి దింపి తీసుకుపోయారని, తాము తప్పించుకున్నామని పేరూ ఊరూ చెప్పి వాంగ్మూలం ఇచ్చారు. కమిషన్ వారికి రక్షణ కల్పించమని ఆదేశించింది. వారికి తెలుగు చదవడం రాదు. తమ గురించి మన పేజీల్లో ఏ మాట వాడారో వారు చదివి ఉండరు. వాత్స్యాయనుడు మ్లేచ్ఛుణ్ణి కూడా ఆప్తుడిగా అంగీకరించిన చోట అడిగిన లక్షణాలను ఆ వాంగ్మూలానికి వరుసగా పెట్టి చూడవచ్చు: ఎరిగినవారు, కోరినవారు, పలికినవారు వారే.